ఏడో దగ్గు

జూన్ 14

మరదలు పిల్లకి,

నాలుగు రోజులుగా ఒకటే ముసురు. ఆరోగ్య కేంద్రం పైకప్పు రెండు చోట్ల కారుతోంది. ఒకచోట బకెట్టు పెట్టాను. రెండో చోట వాచ్‌మన్ కూర్చుంటాడు కాబట్టి ఏమీ పెట్టలేదు. పొద్దున పదకొండు మంది పసిపిల్లలకి టీకాలు వేశాను. కొడవలి తెగిన చేతికి ఒకటి కట్టు కట్టాను. కడుపునొప్పి అని వచ్చిన ముగ్గురు బడిపిల్లల్ని, బడి వదిలాక ఇంకా నొప్పి ఉంటే రమ్మని పంపేశాను.

నీ పార్సిలు అందింది. పలకంత ఫోను, దాంట్లో నీ ఆట. బొమ్మలాటకి జీతమిచ్చే వాళ్ళు కూడా ఉంటారని నీ వల్లే తెలిసింది. పిల్లలకి రోగాలూ మందులూ నేర్పే ఆట అన్నావు, నర్సు సంతకంతో కాగితం కావాలన్నావు. అందుకే రాస్తున్నాను. ఫోనులో చెబితే నువ్వు సగమే వింటావు.

విరేచనాల ఆటలో ఆరోగ్య కార్యకర్త తుపాకీ పట్టుకుని క్రిముల్ని కాలుస్తోంది. విరేచనాలకి తుపాకీ ఎందుకే? కాచి చల్లార్చిన లీటరు నీళ్ళలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలిపి కొంచెం కొంచెంగా తాగించాలి. నువ్వు కాల్పులు జరిపితే రోగి భయంతో ఇంకోసారి పరిగెత్తుతాడు. మలేరియా దోమకి చెవిపోగులు పెట్టావు. ఆడదోమే కుడుతుందని చెప్పడానికి అనుకుంటాను. అది బాగుంది, ఒప్పుకున్నాను. టీబీ క్రిమికి మాత్రం మీసాలెందుకో అర్థం కాలేదు. మీ మేనేజరు పోలికలున్నాయని మీ అన్న అంటున్నాడు. ఆయన మీ మేనేజరుని ఎప్పుడూ చూడలేదు.

మీ అన్న పాలవ్యాను దిగగానే ఫోను లాక్కుని నాలుగుసార్లు ఆడాడు. నాలుగుసార్లూ రోగిని చంపాడు. "నర్సు మొగుణ్ణి కదా, హస్తవాసి" అన్నాడు.

ఇట్లు,
నీ వదిన
(ఊరికి సూదమ్మ)


జూన్ 22

సూదమ్మ గారి సముఖానికి,

ఇక్కడ వాన లేదు, ఎండే. మా ఆఫీసు చెప్పుల దుకాణం మీద మూడో అంతస్తు. ఆరుగురం, ఒక ఫ్యాను. నీ కాగితం ఫైలులో పెట్టేశాను. అన్న మాటలున్న పేరా మీద తెల్ల కాగితం అంటించాను.

తుపాకీ తీసేసి చెంచా ఇచ్చాను. "చెంచాతో ఎవరాడతారు?" అన్నాడు మేనేజరు. "మీ అమ్మ ఆడింది కాబట్టే మీరున్నారు సార్" అన్నాను. ఆ రోజంతా నాతో మాట్లాడలేదు. పని చాలా అయింది. ఆయన సూత్రం ఒక్కటే: ఏ రోగమైనా మూడు నిమిషాల్లో తగ్గాలి, లేకపోతే పిల్లలు ఆట మూసేసి పోతారు. టీబీకి ఆరు నెలలు సార్ అంటే, తగ్గించమని అడుగు అన్నాడు. ఎవరిని అడగాలో చెప్పలేదు.

ఇప్పుడొక పని పడింది. టీబీ రోగికి దగ్గు కావాలి. మా శబ్దాలతను దగ్గితే లారీ వెనక్కి వస్తున్నట్టుంది. అన్న ఉన్నాడు కదా. లెక్కల మాస్టారి గొంతుతో కిటికీ వెనక నుంచి బడికి సెలవు ప్రకటించిన ఘనుడు. ఆయన చేత పదో పన్నెండో దగ్గులు రికార్డు చేయించి మెమరీ కార్డులో పంపు. ఆట చివర పేరు వేస్తాం.

నీ చెంచాకి దాసోహం,
మరదలు


జూలై 1

ఓ చెంచా యోధురాలా,

కార్డు పంపుతున్నాను. మొత్తం పదకొండు దగ్గులు. ఒకటోది పోస్ట్‌మాస్టరు. రెండోది మా వాచ్‌మన్, పని చెప్పినప్పుడు. మూడోది నేనట, ఆయన చుట్టాలు వస్తున్నారని చెప్పినప్పుడు. అలా ఆరు దాకా ఊళ్ళో వాళ్ళవే. ఏడోది ఎవరిదని అడిగితే "అది నా సొంతం" అన్నాడు. మిగతా నాలుగూ దాని పిల్లలు.

ఒకటి చెబుతాను, ఇక నీ అన్నని ఎప్పుడూ పొగడకు. రికార్డింగు అయిపోయినా ఆపడం లేదు. అసలు నువ్వు అడగక ముందు నుంచే, నెల దాటింది, నా రోగుల్ని వెక్కిరించడానికి మొదలుపెట్టాడు. ఇప్పుడు పేరు వేస్తారనేసరికి పట్టపగ్గాల్లేవు. భోజనం దగ్గర దగ్గు, వ్యాను తుడుస్తూ దగ్గు. "ఆపండి మహానుభావా" అంటే ఇంకో రెండు ఎక్కువ దగ్గుతాడు. సాధనట. పాత్ర కోసం సన్నబడ్డాడు కూడా, ప్యాంటుకి బెల్టు చివరి రంధ్రం కూడా చాలక మేకుతో కొత్తది పొడిచాడు. "ఇంత కష్టపడి ఉద్యోగం చేసి ఉంటే ఈపాటికి రెండో వ్యాను కొనేవాళ్ళం" అన్నాను.

ఆరోగ్య కేంద్రంలో ఈ వారం కళ్ళకలకలు. నాకూ వచ్చేట్టుంది. ఒక కన్నుతో రాస్తున్నాను కాబట్టి వంకరలు నావి కావు.

వదిన


జూలై 12

వదినా,

కన్ను తగ్గిందా?

అన్న దగ్గులు విని ఆఫీసంతా లేచి నిలబడింది. పోస్ట్‌మాస్టరుని శబ్దాలతను తన ఫోనుకి పెట్టుకున్నాడు. కాల్ వచ్చినప్పుడల్లా దగ్గుతోంది.

మాకు సలహాలిచ్చే డాక్టరు గారు ఒకాయన ప్రతి గురువారం వస్తారు. రిటైరైన మనిషి. మా ఆటలో తప్పులు దొరికితే పండగ ఆయనకి. ఏడో దగ్గు నాలుగుసార్లు పెట్టించుకున్నారు. "ఇతనెవరు?" అన్నారు. "మా అన్న సార్, మహా నటుడు" అన్నాను. "నటుడు దగ్గుతాడు సరే. దగ్గయ్యాక ఊపిరి అందక తడుముకోవడం కూడా నటిస్తాడా? ఆ చివర విను" అన్నారు. విన్నాను. తర్వాత ఆయనే అన్నారు, దగ్గు విని రోగం చెప్పడం తన వల్ల కాదని, కఫం పరీక్ష చేయిస్తే మంచిదని.

నువ్వు నర్సువి, నీ కళ్ళ ముందున్న మనిషి, నీకు తెలియకుండా ఉంటుందా. అయినా అడుగుతున్నాను. ఏడోది నిజంగా నటనేనా?

నీ మరదలు


జూలై 20

నటన కాదనిపిస్తే ఇంకో నటుణ్ణి చూసుకోండి.

దగ్గు బాగాలేదని చెప్పడానికి ఇంత డొంకతిరుగుడు అక్కరలేదు. ఊపిరి తడబాటు కూడా కావాలని ఆయనే పెట్టాడు, నేను అడిగాను, "అదే కదా అసలు పనితనం" అన్నాడు. మూడో అంతస్తులో కూర్చుని, ఫోనులో దగ్గు విని, ఇక్కడ నేను కళ్ళు మూసుకుని కాపురం చేస్తున్నానని తేల్చారు మీ డాక్టరు గారు. ఇరవై రెండేళ్ళు ఉద్యోగం చేశాను. ఈ ఊళ్ళో ఎవరికి జలుబు చేసినా వాళ్ళకంటే ముందు నాకు తెలుస్తుంది. ఇంటాయనకి డబ్బా ఇచ్చి కఫం పట్టమంటే ల్యాబు అమ్మాయి నవ్వుతుంది, ఊరు పొడుగునా నవ్వుతారు.

మలేరియా ఆటలో దోమతెర చిరిగి ఉంది. అది సరిచేసుకోండి ముందు.

వదిన


జూలై 27

వదినా,

దోమతెర కుట్టేశాను.

ఈ ఉత్తరంతో ఉన్న రెండో కాగితం అన్నకి ఇవ్వు. నువ్వు కూడా చదువు, దాచేదేం లేదు. ఆటలో ల్యాబు ఘట్టం పెడుతున్నాం. రోగి పొద్దున్నే లేచి, నోరు పుక్కిలించి, లోపలి నుంచి దగ్గి, డబ్బాలో కఫం పట్టి, మూతపెట్టి, ల్యాబుకి తీసుకెళ్ళి ఇవ్వాలి. మొత్తం అన్న చేయాలి, ఫోనులో తీయాలి, డబ్బా కూడా నిజంగానే ఇవ్వాలి. లేకపోతే మా బొమ్మలు గీసేవాడికి నడక అర్థం కాదు. ఆట కోసమే. నిన్నేమీ అనడం లేదు.

నీ కుర్చీ దగ్గర గోడకి ఒక పోస్టరు ఉండేది, నేను వచ్చినప్పుడు చూశాను. దాని మీద ఎన్ని వారాలు దగ్గితే పరీక్ష అని రాసి ఉందో, తీరిక దొరికినప్పుడు చూసి చెప్పు. ఆటలో రాయాలి.

మరదలు


ఆగస్టు 6

అమ్మాయ్,

రెండు వారాలు అని ఉంది.

ఆయన నీ ఆట కోసమనే నమ్మాడు. పొద్దున్నే పెరట్లో డబ్బా పట్టుకుని ఫోను ముందు నిలబడి, నువ్వు రాయని మాటలు కూడా చెప్పాడు. వ్యానులో తనే ల్యాబుకి తీసుకెళ్ళాడు. "అమ్మా, నేను బతుకుతానా?" అని ల్యాబు అమ్మాయిని గద్గదంగా అడిగాడట. ఆ అమ్మాయి పడీపడీ నవ్విందట. మూడో రోజు మళ్ళీ వెళ్తే నవ్వలేదు.

కఫంలో క్రిములున్నాయి. టీబీ.

ఆ పోస్టరు ఇరవై రెండేళ్ళుగా నా కుర్చీ వెనక ఉంది. వచ్చినవాళ్ళందరూ చదువుతారు. నేను దానికి వీపు పెట్టి కూర్చుంటాను. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు, నేను రచ్చతోనే సరిపెట్టుకున్నాను.

నాలుగో తారీకు నుంచి మాత్రలు. ఆరు నెలలు, రోజూ. నాకూ పరీక్ష చేశారు, ఏమీ లేదు. డాక్టరు చెప్పేదాకా వ్యాను నడపకూడదు. ముందుగదిలో కిటికీలు తీసి పడుకోబెట్టాను. పాలు ప్రస్తుతానికి ఆయన స్నేహితుడు పోస్తున్నాడు, నీళ్ళు ఎక్కువ కలుపుతున్నాడని అప్పుడే ఫిర్యాదులు.

మొదటిరోజు మాత్రలు వేసుకున్నాక బాత్‌రూములోంచి కేక. మూత్రం ఎర్రగా వస్తుందని ముందే చెప్పాను, ఆ మందు రంగు అంతే. "ఎర్రగా అన్నావు గానీ, ఇంత అన్నావా?" అన్నాడు తలుపు సందులోంచి. ఇది నీ ఆటలో పెట్టు. సగం మంది ఇక్కడే భయపడి మానేస్తారు.

ఏడో దగ్గు ఆటలోంచి తీసేయకు. బాగుంది.

వదిన
(సూదమ్మ అని ఈసారి రాయడం లేదు)


ఆగస్టు 15

వదినా,

తీసేయలేదు. డాక్టరు గారు నీ ఉత్తరం చదివి, "ఇరవై రెండేళ్ళు నేనూ ఒక పోస్టరుకి వీపు పెట్టే కూర్చున్నాను" అన్నారు. ఏ పోస్టరో చెప్పలేదు.

ఎర్రరంగు పెట్టాను. మేనేజరు ఛీ అన్నాడు. ఆయన ఛీ అన్నవన్నీ పిల్లలకి నచ్చుతున్నాయి, అది మా ఆఫీసులో కొత్త కొలత.

టీబీ ఆట కొత్తది పంపుతున్నాను. ముందుగదిలో పడుకున్న మహానటుడికి కాలక్షేపం. రోగి మొదట బూడిద రంగులో ఉంటాడు, మాత్రలు వేసుకుంటుంటే రంగు మారి రెండో నెలాఖరుకి ఆకుపచ్చగా నిగనిగలాడతాడు. ఆ ఆకుపచ్చకి నేను మూడు రోజులు కష్టపడ్డాను.

మరదలు


అక్టోబర్ 19

వదినా,

నీ దగ్గర్నించి ఉత్తరం లేదు, కాబట్టి అంతా బాగానే ఉందనుకుంటున్నాను. అన్న వ్యాను ఎక్కాడని, దగ్గు పోయిందని ఫోనులో చెప్పాడు. పోస్ట్‌మాస్టరు గొంతుతో చెప్పాడు.

నాకు మాత్రం కొంప మునిగింది. ఒక బడిలో నలభై మంది చేత టీబీ ఆట ఆడించాం. ముప్ఫై ఒక్కమంది మూడో నెలలో మూసేసి వేరే ఆటకి పోయారు. ఒక పిల్లని అడిగాను, ఎందుకమ్మా అని. "ఆయనకి తగ్గిపోయింది కదా ఆంటీ, ఇంకా ఏం పని?" అంది. మేనేజరు చప్పట్లు కొట్టాడు. "నేను చెప్పలా? మూడో నెలతో ముగించెయ్. లేదా టీబీనే తీసెయ్, జలుబు పెట్టు." వచ్చే నెలాఖరుదాకా గడువిచ్చాడు.

తగ్గిన మనిషి చేత మందు ఎలా మింగిస్తారు వదినా? మీ దగ్గర ఏదో కిటుకు ఉండే ఉంటుంది.

మరదలు


నవంబర్ 2

అమ్మాయ్,

కిటుకు లేదు. చదువు.

పొద్దున్నే మాత్రలు పడితే కడుపులో తిప్పుతోందని, దారిలో ఏదైనా తిని వేసుకుంటానని మీ అన్న పొట్లం కట్టించుకుని వెళ్ళేవాడు. నేను కట్టి ఇచ్చేదాన్ని. మొన్న ఆరోగ్య కేంద్రం కప్పు రేకు బిగించడానికి స్క్రూడ్రైవరు కోసం వ్యానులో పనిముట్ల సంచి తీశాను. పానాల కింద తొమ్మిది పొట్లాలు. నేను కట్టిన ముడి కట్టినట్టే ఉంది.

అడిగితే దాచలేదు. "దగ్గు పోయింది. బెల్టు రెండు రంధ్రాలు వెనక్కి వచ్చింది. ఇంకా మూడు నెలలు ఎర్రగా పోయమంటావా?" అన్నాడు. తర్వాత ఫోను తెచ్చి నీ ఆట చూపించాడు. "చూడు, మా చెల్లెలి మనిషి రెండో నెలకే ఆకుపచ్చగా అయిపోయాడు. నేను మూడో నెలలో ఉన్నాను. అది ఊరికే గీసిందా? వాళ్ళకి డాక్టరున్నాడు, ఫైలుంది, నీ సంతకం కూడా ఉంది."

నా సంతకం ఉంది. నిజమే.

ఇందులో నీ వాటా నీది, నా వాటా నాది. పంచుకోవడానికి కూర్చుంటే తెల్లారుతుంది. సగంలో ఆపితే క్రిములు మందుకి అలవాటు పడి మొండికేస్తాయి. అప్పుడు ఆరు నెలలు కాదు, ఎంతో చెప్పలేం, మందు పనిచేస్తుందో లేదో కూడా చెప్పలేం. ఇది ఆయనకి చెప్పాను. వింటూ వాచ్‌మన్ లాగా దగ్గాడు. చెంప మీద కొట్టాను. పెళ్ళయిన పంతొమ్మిదేళ్ళలో మొదటిసారి.

రేపు డాక్టరు దగ్గరికి తీసుకెళ్తున్నాను.

వదిన


నవంబర్ 11

వదినా,

ఆకుపచ్చ తీసేశాను. ఇప్పుడు రోగి పైకి మామూలుగా ఉంటాడు. లోపల ఎన్ని క్రిములున్నాయో ఛాతీ మీద అద్దం పెట్టి చూస్తే తప్ప కనపడదు. మూడో నెలలో చూస్తే మూలల్లో ఒకటీ అరా నక్కి ఉంటాయి, మీసాలతో సహా.

ఈ సంగతి మేనేజరుకి చెప్పాను. మన ఆట చూసి మా అన్న మందు మానేశాడు సార్ అన్నాను. ఏదో ఒకటి అంటాడనుకుని తిట్లు కూడా సిద్ధం చేసుకున్నాను. కుర్చీలో అటూ ఇటూ తిరిగి, "టీబీ ఉండనీ. కానీ మూసేసి పోకుండా చూడు" అన్నాడు. తిట్లు మిగిలిపోయాయి.

డాక్టరు ఏమన్నారు? అన్న మళ్ళీ మొదలుపెట్టాడా? ఎలా ఒప్పించావు? ఆట కోసం అడగడం లేదు. ఆట కోసం కూడా అడుగుతున్నాను.

మరదలు


నవంబర్ 25

అమ్మాయ్,

చలి మొదలైంది. పిల్లికూతల రోజులు, అంటే నా రోగుల ఛాతీల్లో.

మళ్ళీ పరీక్ష చేశారు. కఫంలో ఏమీ లేదు. డాక్టరు మీ అన్నని బాగా కడిగిపారేసి, అదే మందు కొనసాగించి, తప్పిన తొమ్మిది రోజులూ చివర కలపమన్నారు. ఫిబ్రవరి పన్నెండుకి అయిపోతుంది.

ఒప్పించలేదు. వ్యాను తాళం తీసి నా యూనిఫాం జేబులో వేసుకున్నాను. అంతే. పొద్దున ఐదున్నరకి వంటింట్లోకి రావాలి. మాత్రలు, గ్లాసుడు నీళ్ళు, నోరు తెరిచి నాలుక ఎత్తి చూపడం, అప్పుడు తాళం. మొదటిరోజు పౌరుషం వచ్చి, తాళం అక్కర్లేదని పాలక్యాను భుజానికెత్తుకుని నడిచి వెళ్ళాడు. మలుపు దాకా వెళ్ళి వచ్చాడు. ఇంకా ముప్ఫై తొమ్మిది క్యాన్లున్నాయి.

ఇప్పుడు అలవాటు పడ్డాడు. "పోలీసు" అంటాడు. "దొంగ" అంటాను. నోరు తెరిచి దూడలా అరుస్తాడు. ఒకరోజు తనని తిట్టమని అడిగాడు, తిట్టకపోతే మాత్ర దిగడం లేదట. అప్పట్నించి రోజుకొకటి కొత్తది ఆలోచించి పెట్టుకుంటున్నాను. నిన్నటిది, "క్యాను మూత మొహమా". ఇవాళ్టిది కాగితం మీద పెట్టదగ్గది కాదు.

వదిన


జనవరి 17

తాళాల పోలీసు గారికి,

ఆటలో తాళం పెట్టాను. రోగి పనికి వెళ్ళాలంటే తాళం కావాలి, మాత్ర మింగితేనే ఇంటావిడ ఇస్తుంది. ఇచ్చేముందు రోజుకొక కొత్త తిట్టు. నువ్వు ఫోనులో చెప్పిన నలభై ఆరింటిలో డాక్టరు గారు ముప్ఫై ఎనిమిది పాస్ చేశారు. మిగతా ఎనిమిదీ ఆయన సొంతానికి రాసుకున్నారు.

అదే బడి, ఇంకో నలభై మంది. ముప్ఫై ముగ్గురు ఆరో నెల దాకా ఆడారు. తర్వాతి తిట్టు ఏమిటో వినడానికే. ఆట పదకొండు నిమిషాలైంది. మేనేజరు గడియారం చూసి, సరే కానిమ్మన్నాడు.

ఇక చివరిరోజు ఒక్కటే మిగిలింది. అందరూ చప్పట్లు కొట్టాలని, ఆకాశంలోంచి పూలు పడాలని మేనేజరు. నాకు నచ్చలేదు, కానీ ఏం పెట్టాలో తెలియడం లేదు. అన్న మందు అయిపోయిన మర్నాడు ఏం జరిగిందో చూసి రాయి. ఉన్నదున్నట్టు రాయి, కలపకు. కలిపే పని మాకు జీతమిచ్చి చేయిస్తున్నారు.

మరదలు


ఫిబ్రవరి 13

మరదలు పిల్లకి,

మంచు బాగా కురిసింది. ఎదురింటి గోడ కనపడలేదు. ఇవాళ టీకాల రోజు, ఈ ఉత్తరం ముగించి పోవాలి.

నిన్నటితో మాత్రలు అయిపోయాయి. పరీక్షలో ఏమీ లేదు, డాక్టరు కాగితం మీద రాసిచ్చారు. నిన్న సాయంత్రం వ్యాను తాళం మళ్ళీ మేకుకి తగిలించాను.

పొద్దున ఐదున్నరకి మీ అన్న వంటింట్లోకి వచ్చి నోరు తెరిచాడు. వేయడానికి ఏమీ లేదు. "మూసుకోండి, ఈగలు దూరతాయి" అన్నాను. చలికాలం ఈగలెక్కడివి అన్నాడు. గ్లాసుడు నీళ్ళు మాత్రం తాగాడు. తాళం తనే తీసుకున్నాడు.

గడప దగ్గర ఒకసారి దగ్గాడు. నేను చేతిలో పని ఆపి చూశాను.

"పోస్ట్‌మాస్టరు" అన్నాడు.

ఐదూ నలభైకి వెళ్ళాడు.

సూదమ్మ